నూనె మింగిన మోటారు

గంగాధరానికి ఈత రాదు. అయినా పదకొండేళ్లు పడవకు కాపలా ఉన్నాడు.

మాది పుంగనూరులో చెరువుల బాగోగులు చూసే చిన్న ఆఫీసు. నేనక్కడ టైపిస్టుని. తొంభై ఆరు కార్తీకంలో నాలుగు రోజులు తెరిపి లేకుండా వాన పడి, పెద్దపంజాణి వైపు ఒక చెరువు పొంగితే, అవతల గడ్డన చిక్కుకున్న ఆరు కుటుంబాలను లారీ ట్యూబుల మీద ఇవతలికి చేర్చారు. ఆ సంగతి పైదాకా పోయింది. మరుసటి ఏడు ఒక ఫైబరు పడవా, దాని వెనక తగిలించే పెట్రోలు మోటారూ వచ్చాయి. అవి వచ్చిన నాటి నుంచి వానలు లేవు.

పడవను ఆఫీసు వెనక రేకుల షెడ్డులో బోర్లించారు. మోటారును ఒక చెక్క స్టాండుకు బిగించారు. "దీన్ని ఎవరి పేరు మీద పెడదాం?" అని ప్రశ్న వచ్చింది. గుడుపల్లె నుంచి వచ్చి మా ఆఫీసులో పంపు ఆపరేటరుగా చేస్తున్న గంగాధరం, ఊళ్లో ఉన్నప్పుడు బావుల మీది డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. "మోటారంటే నీకు తెలుసు గదప్పా" అన్నారు. తెలుసన్నాడు. సంతకం పెట్టించుకున్నారు. ఆ ఒక్క సంతకంతో అతనికి పుంగనూరు కాళ్లకు చుట్టుకుంది.

అతని భార్య పాపమ్మ గుడుపల్లెలోనే ఉండేది. ఎకరంన్నర మల్బరీ తోట, ఇంట్లో పట్టుపురుగులు, మంచం దిగలేని తల్లి. ఆమె వాటిని వదిలి రాలేదు. ఇతను మోటారును వదిలి పోలేడు. నెలకు రెండు ఆదివారాలు పలమనేరుకో బస్సు, అక్కడి నుంచి వి.కోట మీదుగా కుప్పానికి ఇంకో బస్సు, కుప్పం నుంచి ఏది దొరికితే అది. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం అయ్యేది. అన్నం తిని, ఆకు రెండు మోపులు కోసి ఇచ్చి మళ్లీ బయల్దేరేవాడు. "సుట్టం మాదిరి వచ్చి పోతాండావు" అని పాపమ్మ నవ్వుతూనే అనేదట. ఆ నవ్వును గురించి చెప్పేటప్పుడు గంగాధరం నవ్వేవాడు కాదు.

కుప్పానికి బదిలీ చేయమని అర్జీలు పెట్టాడు. వాటిని టైపు చేసింది నేనే. మూడో అర్జీకి ఫలితం వచ్చింది. తొంభై తొమ్మిది దసరాకు ముందు వారం ఉత్తర్వు అందింది. పది రోజుల్లోగా కుప్పంలో చేరాలి, చేరకపోతే ఉత్తర్వు రద్దు. ఆ ఖాళీ మీద ఇంకా ఇద్దరి కళ్లున్నాయి. ఇక్కడ షరతు ఒక్కటే. పడవ, మోటారు మంచి స్థితిలో ఉన్నట్టు చూపించి చార్జి అప్పగించాలి. మదనపల్లె నుంచి ఇంజనీరు రాజగోపాల్ సారు గురువారం వస్తానన్నాడు.

చార్జి తీసుకోవలసినవాడు బాలప్ప. ఆఫీసు ఊడ్చి, నీళ్లు పట్టి, గేటు కాసే మనిషి. యాభై దాటాయి. చీపురు చేతిలోంచి దిగి తాళంచెవి చేతికి వస్తుందంటే అతనికి పట్టరాని సంతోషం. "పడవ బాలప్ప అంటారు సారూ ఇంక నన్ను" అని నాతో నాలుగుసార్లు అన్నాడు.

సోమవారం ఆయుధపూజ. మాకు మోటారు పూజ ఒక పండగే. చెరువులో నీళ్లు లేవు గనక, ఏడాదికొకసారి ఆ రోజున స్టాండును ఈడ్చి, దాని అడుగున రెక్కలు తిరిగే తోకను సిమెంటు తొట్టిలో ముంచి, ఐదు నిమిషాలు నడిపేవాళ్లం. తొట్టిలో నీళ్లు సుడి తిరిగి మా పంచెలూ ప్యాంట్లూ తడిస్తే పూజ అయినట్టు.

ఊరకే పడివున్న ఇంజను లోపల తుప్పు పట్టకుండా ప్లగ్గు రంధ్రంలో చెంచాడు నూనె పోయడం డీజిల్ ఇంజన్ల నాటి నుంచి గంగాధరానికి అలవాటు. ఆ మోటారుకు రెండు సిలిండర్లు, రెండు ప్లగ్గులు. పొద్దున్నే మోటారును స్టాండు నుంచి దించి, రంధ్రాలు పైకి ఉండేట్టు పడుకోబెట్టి, రెంటిలోనూ చెంచాడేసి పోశాడు. ప్లగ్గులు గుడ్డ మీద పెట్టి, నూనె డబ్బా పక్కన ఉంచి, పూలు తేవడానికి బజారుకు పోయాడు.

బాలప్ప స్నానం చేసి, విభూతి పెట్టుకుని వచ్చాడు. ప్లగ్గులు బయట ఉన్నాయి, డబ్బా పక్కనే ఉంది, రంధ్రం తెరిచి ఉంది. పోయడం సగంలో ఆగిందనుకున్నాడు. పూజనాడు ప్రమిదలోనైనా దేంట్లోనైనా నూనె సగం పోసి నిలపడం వాళ్లింట్లో లేదు. నిండా పోయాలి. మోటారు నిలబెడితే కిందికి వచ్చే రంధ్రంలో పోశాడు. పోస్తూ ఉంటే పట్టిందట. అంచుదాకా వచ్చాక ఆపాడు. రెండో దాంట్లో పోయబోతుంటే గేటు దగ్గర ఎవరో పిలిచారు. పోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అని అతనికి తోచలేదు.

గంగాధరం వచ్చాడు. లోపలికి చూడకుండా ప్లగ్గులు బిగించాడు. నలుగురం కలిసి మోటారును స్టాండుకెక్కించి తోక తొట్టిలో ముంచాం. కొబ్బరికాయ కొట్టారు. గంగాధరం తాడు లాగాడు. సగం వచ్చి పట్టేసింది.

"పండగ దినం మొండికేస్తాండాది" అన్నాడు బాలప్ప. "నేనూ ఒగ చెయ్యి పడతా ఉండు."

ఇద్దరూ కలిసి లాగారు. టప్ అని ఒక దెబ్బ పేలింది. ఆ వెంటనే లోపల ఠక్ అని ఇనుము ఇనుమును కొట్టినట్టు ఒక చప్పుడు. తాడు వాళ్ల చేతుల్లోంచి గుంజుకుని వెనక్కి పోయింది. తొట్టి నీళ్ల మీద రంగు రంగుల నూనె పొర విప్పుకుంటూ వచ్చింది.

గంగాధరం ప్లగ్గు విప్పాడు. నూనె చిమ్మి అతని తెల్లచొక్కా నిండా పడింది.

"దీంట్లో ఎవురు పోసింది?"

"నేనే పోసినా" అన్నాడు బాలప్ప. "నువ్వు సగంలో ఇడిసిపెట్టి పోయింటివి. యాల, తక్కువైందా?"

గంగాధరం ప్లగ్గు కింద పెట్టాడు. తరవాత ఆఫీసులో నా దగ్గరికి వచ్చి, నేను టైపు మిషను మీద ఉంచిన చార్జి జాబితా వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు. నూనె గాలి మాదిరి నొక్కితే అణగదు. ఒక సిలిండరు నూనెతో నిండి ఉన్నప్పుడు రెండోదాంట్లో పెట్రోలు పేలితే, ఆ బలమంతా నిండిన దాని పిస్టన్ మీద పడుతుంది. పైకి పోవడానికి చోటుండదు. పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్డు వంగాలి, లేకపోతే విరగాలి.

"వంగిందా మరి?"

"తెలీదు సారూ. అదే తెలీదు."

విప్పి చూడవచ్చు గదా అన్నాను. విప్పకూడదు. పైవాళ్ల అనుమతి లేకుండా లోపల చెయ్యి పెట్టకూడదని, అది వచ్చిన రోజే సీసం ముద్ర వేసి పోయారు. ప్లగ్గులు తీయవచ్చు, నూనె మార్చవచ్చు. అంతే. అనుమతికి రాస్తే గురువారం పోతుంది. గురువారం పోతే కుప్పం పోతుంది.

ఆ మధ్యాహ్నం అతను ఎస్టీడీ బూత్‌కు పోయి మదనపల్లెకు ఫోను చేశాడు. దేవదాసు అని, అక్కడ ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు జనరేటరు చూసి రిటైరైన మెకానిక్కు. గంగాధరానికి పెట్రోలు ఇంజన్ల పని నేర్పింది ఆయనే. బుధవారం పొద్దున మొదటి బస్సుకు వచ్చాడు. పొట్టి మనిషి, గీతల చొక్కా, చేతిలో రెక్సిను సంచి.

"ఏంప్పా, మోటారుకు తలంటు పోసినారంట గదా" అన్నాడు వస్తూనే.

ఎవరూ నవ్వలేదు.

రెండు ప్లగ్గులూ తీయించాడు. మోటారును రంధ్రాలు కిందికి ఉండేట్టు వంచి, నూనె కారేదాకా అరగంట ఆగాడు. ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ, పిల్లిలాగా చెవి దగ్గర పెట్టాడు. ఎక్కడైనా రాసుకుంటుందా, తడబడుతుందా అని. ఏమీ లేదు. బొటనవేలు రంధ్రానికి అడ్డం పెట్టి గంగాధరాన్ని తాడు లాగమన్నాడు. రెండింటిలోనూ వేలిని బయటికి తోసేంత గాలి ఉంది. తోక దగ్గర గేరు నూనె రెండు చుక్కలు తీసి వేళ్ల మధ్య రాసి చూశాడు. ఇనుప రజను లేదు.

"బాగుందా అన్నా?" అన్నాడు గంగాధరం.

"ఉండప్పా. అసలుది ఇంకా సూడలా."

సంచిలోంచి ఒక సైకిలు స్పోకు తీశాడు. పై సిలిండరు రంధ్రంలోంచి అది పిస్టన్‌కు తగిలేదాకా దూర్చి, ఫ్లైవీల్ తిప్పి, పిస్టన్ పైకంటా వచ్చిన చోట ఆపాడు. రంధ్రం అంచు దగ్గర స్పోకుకు ఎర్ర దారం కట్టాడు. అదే స్పోకును కింది సిలిండర్లో దూర్చి మళ్లీ తిప్పాడు. ఆ పిస్టన్ పైకంటా వచ్చింది. ఎర్ర దారం అంచు దాకా రాలేదు. కొంచెం లోపలే ఆగింది.

గంగాధరం వంగి చూశాడు. నేనూ చూశాను. గోరు మందంలో సగం ఉంటుందేమో.

"మసి పేరుకోని ఉంటాది" అన్నాడు గంగాధరం.

"మసి ఉంటే పొడుగు కావల్లగాని, పొట్టి కాదప్పా."

"దారం జారుంటాది."

దేవదాసు దారం విప్పి మళ్లీ కట్టాడు. మూడుసార్లు కొలిచాడు. చివరిసారి గంగాధరం చేతికే స్పోకు ఇచ్చాడు. అతను కొలిచాడు. అంతే తేడా. ఆ స్పోకును అలాగే పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"రాడ్డు వంగుండాది" అన్నాడు దేవదాసు. "రవ్వంత."

"నడస్తాదా?"

"నడిపి సూడు."

ప్లగ్గులు బిగించి, పెట్రోలు పోసి, తొట్టిలో ముంచి తాడు లాగాడు. రెండో లాగుకే అందుకుంది. నీలం పొగ షెడ్డంతా కమ్మింది. తరవాత పొగ పలచబడి, మోటారు ఎంత చక్కగా పాడిందంటే, ఏ ఇంజనీరూ వేలెత్తి చూపలేడు. బాలప్ప గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టాడు.

"సూడండి సారూ! నేను పోసిన నూనెకు ఎట్ల మాట్లాడతాండాదో!"

ఆపాక దేవదాసు చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. ఒక గంట నడవచ్చు. వంద గంటలు నడవచ్చు. ఒక రోజు విరుగుతుంది. తొట్టిలో విరిగితే నష్టం లేదు. వరదలో పది మందిని ఎక్కించుకుని, నడిమధ్యన విరిగితే పడవ ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

"ఈడ వరద యాడిదన్నా? రెండేండ్లుగా చెరువులో మేకలు మేస్తాండాయి."

"నేనేమన్నా అన్నానా? నువ్వడిగితివి, నేను చెప్తిని. రేపు ఆ సారుకు నేనేం చెప్పను. నీ మోటారు, నీ చార్జి."

బస్సెక్కేటప్పుడు మాత్రం గంగాధరం భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ప్రార్థన చేస్తా" అన్నాడు. దేని కోసమో చెప్పలేదు.

ఆ సాయంత్రం గంగాధరం షెడ్డు మెట్టు మీద కూర్చున్నాడు. నేను తాళం వేసుకుని ఇంటికి పోబోతూ ఆగాను. ఆ సంగతి చార్జి కాగితంలో రాయకుండా ఉంటే ఎవరికీ తెలియదు గదా అని నేనే అన్నాను. ఆ మాట అన్నందుకు ఇన్నేళ్ల తరవాత కూడా నాకు సిగ్గుగానే ఉంటుంది. అయితే ఆ రోజు అది నాకు మంచి మాటే అనిపించింది. అతని ఇల్లు నేను చూడలేదు గాని అతని అర్జీలు మూడూ నా వేళ్ల మీదుగా పోయాయి.

అతను తలెత్తలేదు. "నేను పోతే దీనికి సంతకం పెట్టేది బాలప్ప సారూ. మంచి స్థితిలో తీసుకుంటిని అని వేలిముద్ర ఏస్తాడు. ఇరిగిన దినం పట్టుకునేది ఆయప్పనే. నేను బయటపడాలంటే ఆయప్పను లోపలేసి తాళం ఏయల్ల."

"పోసింది అతనే గదా."

"పోసింది ఆయప్ప. సూడకుండా బిగించింది నేను."

గురువారం పొద్దున అతను పాపమ్మకు ఫోను చేశాడు. గుడుపల్లెలో వాళ్లింటి పక్క అంగడికి చేస్తే పిలిచేవాళ్లు. నేను బూత్ బయట నిలబడి ఉన్నాను. అద్దం తలుపు సరిగా పడేది కాదు.

"ఆ, నేనే... లేదు, ఇంకా లేదు... ఈ సారి కూడా కాదేమో మా... మోటారు. ఆ, ఆ మోటారే... లేదు మా, ఎవురూ ఆపలా. నేనే..."

గంగాధరం గోడ మీద గీసి ఉన్న ఫోను నంబర్లను వేలితో దిద్దుతూ నిలబడ్డాడు. తరవాత "ఎన్నో జ్వరం?" అన్నాడు. పట్టుపురుగులు ఆకు మాని పడుకోవడాన్ని వాళ్ల వైపు జ్వరం అంటారు; నాలుగోది అయి లేచాక వాటికి రాత్రింబగళ్లు ఆకు కావాలి. "నాలుగోదా. అయితే రేపు లేస్తాయి. ఆకు ఎవురు కోస్తారు?... సరే. సరే మా." పెట్టేశాడు.

"ఏమంది?" అన్నాను.

"పురుగులు లేసే టయానికి ఫోను చేస్తివి అనింది."

పదకొండు గంటలకు రాజగోపాల్ సారు జీపులో దిగాడు. మంచి మనిషే, తొందర మనిషి. మోటారు నడిపించాడు. తల ఊపాడు. "ఫస్ట్ క్లాస్" అన్నాడు. చార్జి కాగితం తీసుకురమ్మన్నాడు. నేను తెచ్చి బల్ల మీద పెట్టాను. బాలప్ప ఉతికిన చొక్కా వేసుకుని, బొటనవేలికి ముందే సిరా రాసుకుని నిలబడ్డాడు.

కాగితంలో "స్థితి" అన్న గడిలో "మంచిది" అని నేను టైపు చేసి ఉంచాను. గంగాధరం పెన్ను అడిగాడు. ఆ మాటను కొట్టేసి, పక్కన తన వంకర అక్షరాలతో రాశాడు. కింది సిలిండరు రాడ్డు వంగినట్టు అనుమానం. విప్పి చూడాలి. పడవకు కట్టకూడదు.

సారు చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇప్పుడే కదయ్యా నడిచింది?"

"నడిచింది సార్."

"మరి ఇదేంది? నువ్వు రాయకపోతే ఎవరికి తెలిసేది?"

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇట్లా రాశాక నేను సంతకం పెట్టలేను, అన్నాడు. అనుమతికి రాస్తాను, వచ్చేదాకా మోటారు నీ పేరు మీదే ఉంటుంది. కుప్పం సంగతి నేనేం చేయలేను. ఆ చివరి మాట మెత్తగానే అన్నాడు.

జీపు పోయాక బాలప్ప తన నల్ల వేలిని చూసుకున్నాడు. దాన్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, ఉతికిన చొక్కాకే తుడిచేశాడు.

"నీ ఊరికి నువ్వు పోకపోతే నీ ఇష్టం. నా కడుపు యాల కొట్టినావప్పా?"

"నీ మంచికే బాలప్పా. రేపు అది ఇరిగితే..."

"ఇరిగినప్పుడు సూసుకుంటాంటి! నాకు పుట్టి బుద్ధెరిగినాక ఒగరు తాళంచెవి ఇస్తామన్నారు. అదీ పాయె."

పోయింది. పదో రోజున ఉత్తర్వూ పోయింది. గుడుపల్లె వాడు పోవలసిన కుర్చీలో కలికిరి వాడు కూర్చున్నాడని తెలిసింది. బాలప్ప గంగాధరంతో మాటలు మానేశాడు. ఊడ్చేటప్పుడు షెడ్డు ముందు ఒక బారెడు మేర ఊడ్చకుండా వదిలేసేవాడు. గంగాధరం ఆ బారెడూ తానే ఊడ్చుకునేవాడు.

అనుమతి ఒక నెలలో వస్తుందనుకున్నాం. పద్నాలుగు నెలలు పట్టింది. ఈ పద్నాలుగు నెలలు గంగాధరం పడిన బాధ వేరు. ఇంటికి పోయే దారి పోయిందని కాదు. ఒకవేళ దేవదాసు లెక్క తప్పేమో అన్నది. ఆ రెండు పిస్టన్లు కొత్తప్పుడే అట్లా తేడాగా వచ్చుంటే? రాడ్డు చక్కగానే ఉంటే? భోజనం డబ్బా విప్పుతూ, ఏ సంబంధమూ లేకుండా నన్ను అడిగేవాడు: "వంగే ఉంటాది గదా సారూ?" నేను ఉంటుందనేవాణ్ణి. పాపమ్మ కూడా అదే అడిగేదట, వేరే మాటలతో. "అది నిజంగా పాడైందా, లేక నీకు ఈడికి రావాలని లేదా?" ఆ ఏడాది పురుగులకు తెగులొచ్చి పంటంతా పోయింది. ఆమె తల్లి కూడా పోయింది. అతను రెండు రోజులు ఉండి వచ్చాడు.

రెండువేల ఒకటి, జనవరిలో అనుమతి కాగితం వచ్చింది. దేవదాసు మళ్లీ వచ్చాడు, ఈసారి చేతికర్రతో. సీసం ముద్ర తెంచారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కొక్క బోల్టూ విప్పి, గోనె మీద వరసగా పేర్చారు. మొదట పై సిలిండరు రాడ్డు బయటికి వచ్చింది. తరవాత కిందిది. దేవదాసు రెండూ పెట్రోల్లో కడిగి, గుడ్డతో తుడిచి, ఆఫీసులోకి తెచ్చాడు.

నా బల్ల మీద అద్దం ఉండేది. కాగితాలు తీసేయమన్నాడు. మొదటి రాడ్డును అద్దం మీద పడుకోబెట్టి వేలితో తట్టాడు. కదల్లేదు. రెండోది పెట్టి తట్టాడు. టకటకమని ఊగింది. దేవదాసు ఒంగి, అద్దం అంచుకు కన్ను ఆనించి చూసి, పక్కకు జరిగాడు. గంగాధరం మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. రాడ్డు ఒక కొస కింద, అద్దానికీ దానికీ మధ్య, వెంట్రుక దూరేంత వెలుతురు.

"వంగింది" అన్నాడు. "సూడండి సారూ, వంగింది." అతను అంత సంతోషంగా ఉండడం ఆ ఆఫీసులో నేను ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు. కళ్లు తుడుచుకుంటే ముఖమంతా గ్రీజయింది.

బాలప్ప వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చాడు. చీపురు గోడకు ఆనించి, బల్ల దగ్గర వంగి, ఒక కన్ను మూసి, ఆ వెలుతురును చాలాసేపు చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

పద్నాలుగు నెలల తరవాత అతను గంగాధరంతో అన్న మొదటి మాట అది.

"ఇంతే" అన్నాడు గంగాధరం.

కొత్త రాడ్డు మద్రాసు నుంచి రావాలని దేవదాసు చెప్పాడు. ఎన్ని రోజులు పడుతుందో తనకు తెలియదన్నాడు. గంగాధరం తల ఊపి, గోనె మీది బోల్టులు తప్పిపోకుండా ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసుకోవడం మొదలుపెట్టాడు.